రాతి ముగ్గు వేసిన బత్తిసప్ప

చింతామణి బజారు వీధిలో బత్తిసప్పను మెచ్చుకున్న మనిషి ఒక్కడూ లేడు. అతను వేసిన నేలను మెచ్చుకోని మనిషీ ఒక్కడూ లేడు. పని చూసి పిలిచేవారు, నోరు విని తిట్టుకునేవారు. పధ్నాలుగేళ్ళు ఆ ఊళ్ళో అతని బతుకు అలాగే నడిచింది.

అసలు పేరు బత్తిస్తా. ఏ పేరుకైనా చివర ఒక అప్ప తగిలిస్తే గానీ ఆ సీమలో నోటికి పట్టదు కాబట్టి బత్తిసప్ప అయ్యాడు. ఇటలీ దేశానికి ఉత్తరాన, మంచుకొండల కింద, ఏటి గులకరాళ్ళు తప్ప మరేమీ పండని ఊరు అతనిది. అక్కడి మగవాళ్ళకు తాతలనాటి నుంచి ఒకటే వృత్తి. రంగురాళ్ళ ముక్కలను సిమెంటులో కూర్చి నేల పోయడం, ఆరిన తర్వాత సానరాయితో రోజుల తరబడి రుద్ది అద్దంలా తేల్చడం. మనవాళ్ళు మొజాయిక్ అని మురిసిపోతారే, అదే.

ఇరవై నాలుగో ఏట పట్టుకుపోయి పటాలంలో వేశారు. లిబియా ఎడారిలో ఒక చలికాలం పొద్దున ఆ పటాలం మొత్తం ఇంగ్లీషువాళ్ళ ముందు చేతులెత్తింది. ఎత్తమన్నది పై అధికారి, ఎత్తి మూడు గంటలు ఎండలో నిలబడింది బత్తిస్తాలాంటి వాళ్ళు. ఓడలో బొంబాయికి, రైల్లో బెంగళూరుకు తెచ్చి ముళ్ళకంచె వెనక ఐదేళ్ళు ఉంచారు. యుద్ధం ముగిశాక ఇంటికి పంపితే అక్కడ ఇల్లు లేదు, తల్లి లేదు, నేల వేయించుకునే తాహతు ఎవరికీ లేదు. నాలుగేళ్ళు అర్ధాకలితో గడిపాడు. ఖైదులో ఉన్నప్పుడు పరిచయమైన బెంగళూరు కంట్రాక్టరొకడు, మొజాయిక్ పనికి మేస్త్రీలు కావాలి రమ్మని ఉత్తరం రాశాడు. అలా, ఖైదీగా చూసిన దేశానికే కూలికి వచ్చాడు.

కన్నడ సర్కారు కింద ఉండి తెలుగు మాట్లాడే చింతామణి ఊరికి వచ్చింది యాభై రెండులో, ఒక నూనె మిల్లు యజమాని ఇంట్లో నేల వేయడానికి. పని సగంలో ఉండగా కంట్రాక్టరుతో తగువు పడి, నేల మట్టం చూసే రసమట్టం ఎత్తి అతని కాళ్ళ దగ్గర నేలకేసి కొట్టాడు. కంట్రాక్టరు పోయాడు, ఇతను మిగిలాడు. ముక్కు మీద కోపం అంటారు గానీ, బత్తిసప్ప కోపానికి అంత పొడుగు ముక్కు కూడా చాలదు. ఇంటి యజమాని ఎదురుగానే, "నీ గోడ వంకర, నీ కండ్లు వంకర, ఈ ఇంట్ల నేను నేల వెయ్యను" అనేవాడు. తెలుగు నేర్చుకున్నది కూలివాళ్ళ దగ్గర. మీరు అనే మాట ఒకటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా అనేవాడు కాదు.

ఊరు కూడా తక్కువ తినలేదు. కాఫీ హోటల్లో అతని లోటా వేరు, దాన్ని బయటి గూట్లో బోర్లించేవారు, తాగి అతనే కడగాలి. మిలిటరీలో పనిచేసి వచ్చిన నరసింహప్ప అనే ఆయన ఆ హోటల్లో కూర్చుని, "ఈయప్ప చేతులెత్తిన సిపాయి లేప్పా. తుపాకి చూస్తానే ఎత్తేసినాడు" అని కథ చెప్పేవాడు. అందరూ నవ్వేవారు. బత్తిసప్ప బయట నిలబడి లోటా కడుగుతూ వినేవాడు. ఒకసారి ఎత్తాను, చచ్చేవరకు మళ్ళీ ఎత్తను అని మనసులో గట్టిగా అనుకునేవాడు. ఆ మాట చౌడమ్మకు కూడా చెప్పాడు.

చౌడమ్మది బాగేపల్లి పక్కన ఒక పల్లె. మొగుడు బావి తవ్వుతుండగా గట్టు విరిగి మీద పడి చనిపోయాడు. కూలికి చింతామణి వచ్చి మొజాయిక్ నేల రుద్దే పనిలో చేరింది. ఆమె చేతికింద అరగని రాయి లేదు, ఆమె నోటికింద అరగని మనిషీ లేడు. అందుకే కాబోలు ఇద్దరికీ కుదిరింది. నందిలో గుడిమెట్ల దగ్గర పసుపుతాడు కట్టాడు. కులంవాళ్ళు ఆమెను వెలివేశారు. రిజిస్టరు కాగితమంటూ ఏదీ లేదు. ఉన్నదల్లా ఊరి చివర సున్నపు బట్టీ పక్కన ఒక గుడిసె.

పరదేశి కాబట్టి ఏటా జూన్ నెల దాటకముందే ఠాణాలో అతని కాగితం కొత్తది చేయించుకోవాలి. ఈ మనిషి నడవడికకు నేను పూచీ అని, సొంత ఇల్లుండి దాని పన్ను, అంటే కందాయం, కట్టే ఊరివారొకరు దాని మీద సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే అతను దేశం వదలాలి. మొదట్లో నూనె మిల్లాయన పెట్టేవాడు. ఆయన వ్యాపారం ఎత్తేసి బెంగళూరు పోయాక ఆ భారం సుబ్బరాయప్ప మీద పడింది.

సుబ్బరాయప్ప బెల్లం, చింతపండు మండీ ఉన్న శెట్టి. నలభై ఏళ్ళవాడు, పేరు ప్రతిష్ఠ అంటే ప్రాణం. తండ్రి పోయిన మూడో ఏడు, యాభై ఏడులో, బజారు వీధిలో పాత ఇల్లు పడగొట్టి మిద్దె లేపాడు. నేల పని బత్తిసప్పకు ఇచ్చాడు. నడవా, పడసాల అయ్యాక తలవాకిలి ముందు అరుగు మిగిలింది.

"ఈడ మాత్రం చింతామణిలో యెవురింటి ముందరా లేంది ఏదన్నా వెయ్యి మేస్త్రీ. పోయేవోడు నిలబడి చూసి పోవల్ల," అన్నాడు సుబ్బరాయప్ప.

ఇల్లు లేచేవరకు వాళ్ళంతా పక్కనే బాడుగ ఇంట్లో ఉండేవారు. రోజూ పొద్దున్నే పనికి వచ్చే బత్తిసప్పకు ఆ ఇంటి ముందు సుబ్బరాయప్ప భార్య వనజాక్షి ముగ్గు వేస్తూ కనిపించేది. పదిహేను చుక్కల ముగ్గు ఒకటి ఆమె చేతిలో తీగ సాగినట్టు సాగేది. మధ్యాహ్నం అన్నం వేళకు చూస్తే కోళ్ళు గీరి, సైకిళ్ళు తొక్కి అక్కడ ఏమీ ఉండేది కాదు. అంత పని చేసి తొక్కడానికి వదిలేస్తారా, వీళ్ళకు బుద్ధి లేదా అనుకునేవాడు. ఆ ముగ్గును సిమెంటు సంచి కాగితం మీదకు ఎత్తుకున్నాడు. తలవాకిలి ముందు నాలుగడుగుల చదరం చేసి, నల్లరాళ్ళ మధ్య తెల్లరాతి ముక్కలతో ఆ ముగ్గును కూర్చాడు. నెలరోజులు పట్టింది. చౌడమ్మ తొమ్మిది రోజులు రుద్దింది. చివరి రోజున నూనెగుడ్డతో తుడిస్తే ముగ్గు అప్పుడే వేసి లేచినట్టుంది. తన తండ్రి కూడా ఇలాంటిది వేయలేదని బత్తిసప్పకు తెలుసు. ఆ రోజు అతను ఎవరినీ తిట్టలేదు.

సుబ్బరాయప్ప పొంగిపోయాడు. మగవాళ్ళకు ముగ్గు వేసినప్పుడు కనిపిస్తుంది గానీ, వేయనప్పుడు కనిపించదు. అందుకే ఇందులో చిక్కేమిటో ఆయనకూ తట్టలేదు, ఈయనకూ తట్టలేదు. వనజాక్షికి తట్టింది. మేస్త్రీకి, మొగుడికి ఎదురు చెప్పే ధైర్యం లేక ఊరుకుంది. అత్త అంబుజమ్మ కూతురి పురుటికి బాగేపల్లి పోయి ఉంది.

గృహప్రవేశానికి ఊరంతా వచ్చింది. చెప్పులు విడిచి, ముగ్గును తొక్కకుండా పక్కనుంచి నడిచి లోపలికి పోయారు. అంబుజమ్మ అప్పుడే వచ్చింది. శుభకార్యం కాబట్టి వాకిట్లో ముగ్గుంటే ఎవరికి అభ్యంతరం? వారం గడిచాక ఆమె అరుగు మీద కూర్చుని పంచాంగం చూపించుకుంది. మొగుడి తద్దినం ఇంకా పదహారు రోజులుంది.

"సుబ్బరాయా, ఈ ముగ్గును ఆ పొద్దు ఎట్ల తీస్తారు?" అంది.

సుబ్బరాయప్పకు చిక్కు అప్పుడు తట్టింది. తద్దినం రోజు బ్రాహ్మల భోజనాలయ్యేవరకు ఇంటి ముందు ముగ్గు ఉండకూడదు. ముగ్గు ఉంటే అది శుభం జరుగుతున్న ఇల్లని పితరులు వాకిలి నుంచే తిరిగిపోతారు. ఆ మాట పసిపిల్లకు కూడా తెలుసు. పురోహితుడు వాసుదేవశాస్త్రిని పిలిపించారు. ఆయన ముగ్గు చుట్టూ రెండుసార్లు తిరిగి, మెడ వెనక గోక్కుని, "చూసేకి శానా బాగుండాది. అయితే తియ్యాల్సిందేనమ్మా," అన్నాడు.

బత్తిసప్పకు కబురు పోయింది. సిమెంటు చేతులతోనే వచ్చాడు.

"ఈ ముగ్గు తీసెయ్యల్ల," అన్నాడు సుబ్బరాయప్ప.

"యాడికి తీసేది? రాయి ఇది. నూరేండ్లుంటాది."

"అదే కదరా మా కర్మ," అంది అంబుజమ్మ.

సంగతి విని బత్తిసప్ప నవ్వాడు. అక్కడే తప్పు చేశాడు. "గోతం సంచి పరుచు. ముగ్గు కనపడదు. నీ మొగుడు వస్తాడు, తింటాడు, పోతాడు," అన్నాడు.

అంబుజమ్మ లేచి నిలబడింది. సన్నటి మనిషి, అయినా గొంతు వీధి చివరకు వినిపించింది. "నీ మొగం మీద గుడ్డ కప్పితే నువ్వు లేకుండా పోతావేమిరా? ఏటికి ఒక్క పూట వస్తాడు నా మొగుడు. ఆ ఒక్క పూట గూడా గడప తొక్కనీకుండా చేస్తాండావే, నీకు పెండ్లాం బిడ్డలు లేరా?"

"నీ కోడలు దినామూ నడుము వంచి వేస్తాండాది. కోడి తొక్కుతాది. నేను దాన్ని నిలబెట్టినా. తప్పా?"

"పోవల్లనే వేసేది. రేపు మళ్ళా వేసేదానికి. నిలబెట్టమని నిన్ను యెవురడిగిరి?"

"నీ కొడుకు అడిగినాడు!"

వీధిలో జనం చేరారు. జనాన్ని చూసి సుబ్బరాయప్పకు తల కొట్టేసినట్టయింది. "నాతో వాదమొద్దు. తద్దినం లోపల నువ్వే పగలగొట్టి ఎత్తుకొని పో. లేదంటే ఈ తూరి నీ కాగితం మీద నా సంతకం ఉండదు. ఓడ ఎక్కుతావో, ఏట్లో దూకుతావో నీ ఇష్టం," అన్నాడు.

"పగలగొట్టను. నా చేత్తో నా పని నేనెప్పుడూ పగలగొట్టలేదు," అని బత్తిసప్ప వెళ్ళిపోయాడు.

గుడిసెలో చౌడమ్మ అతనికి ముద్ద పెట్టి ఎదురుగా కూర్చుంది. అతను చెప్పిందంతా విని, "రాయి పెద్దదా, నేను పెద్దా?" అని అడిగింది.

అతను ఇంకో ముక్క తుంచుకున్నాడు.

"నిన్ను పంపిస్తే నన్నెవురు రానిస్తారు ఆ దేశానికి? కులంవోల్లను పోగొట్టుకొన్నా, నువ్వూ పోతే నేను యాడ పడుండల్ల? చెప్పు."

"ఒకసారి చేతులెత్తినా చౌడీ. ఇంగెత్తను."

"ఎత్తొద్దు. ఎత్తకుండా ఓడెక్కు," అని కంచం లాక్కుని లేచింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఎంత వాదిస్తే ఏం లాభం? ఆ తర్వాత వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

తద్దినానికి రెండు రోజుల ముందు సుబ్బరాయప్ప ఓపిక అయిపోయింది. బండలు కొట్టే ముత్యాలప్పను పిలిపించాడు. ముత్యాలప్ప పెద్ద సుత్తి తెచ్చాడు. బత్తిసప్ప నాలుగిళ్ళ అవతల నేల రుద్దిస్తున్నాడు. మొదటి దెబ్బ వినగానే లేచాడు. రెండో దెబ్బకు చప్పుడు మారింది. పగులు చదరం అంచుదాకా పాకిందని, ఇంకో దెబ్బకు అరుగులోకి పోతుందని ఆ చప్పుడులోనే అతనికి తెలిసింది. మూడో దెబ్బ పడేలోపు వీధిలో పరిగెత్తుతున్నాడు.

"నీ యమ్మ, రాయి కొట్టేది అట్లనా!" అని ముత్యాలప్ప చేతిలో సుత్తి లాగేశాడు. అడ్డొచ్చిన సుబ్బరాయప్పను రెండు చేతులతో తోశాడు. పట్టుపంచె కట్టుకున్న మండీ యజమాని పోయి ఇసుక కుప్పలో కూర్చున్నాడు. బజారు మొత్తం చూసింది. కొందరు నవ్వారు కూడా.

బత్తిసప్ప అదేదీ చూడలేదు. సన్నఉలి, చిన్నసుత్తి తెప్పించుకుని నేల మీద బోర్లా పడుకున్నాడు. ముందు చదరం చుట్టూ వేలెడు లోతున గాడి తీశాడు, పగులు ఇంక బయటికి పోకుండా. తర్వాత ముగ్గును చివర్ల నుంచి మధ్యకు ఒక్కొక్క తీగే ఒలుచుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దుగూకింది. ఏడ్చాడు. దాచుకోలేదు, తుడుచుకోనూ లేదు. పగలగొట్టక తప్పనప్పుడు ఆ పని కూడా ముత్యాలప్పకు చేతకాదు, తానే చేయాలి. అంతకంటే వేరే ఆలోచన అతనికి లేదు. అంబుజమ్మ గడప లోపల పీట వేసుకుని అంతసేపూ చూస్తూ కూర్చుంది. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. చివరికి చదరం గుంత మిగిలింది. దాని అంచులు కత్తితో కోసినట్టున్నాయి, పక్క నేలలో ఒక్క రాయి కూడా కదలలేదు.

తద్దినం జరిగింది. బ్రాహ్మలు గుంత పక్కనుంచి నడిచి లోపలికి పోయారు.

జూన్ నెలాఖరు వచ్చింది. చౌడమ్మే వెళ్ళి సుబ్బరాయప్ప మండీ ముందు నిలబడింది. "ముగ్గు తీసేసినాడు కదప్పా. సంతకం పెట్టు సామీ," అంది.

"నడిబజార్లో నన్ను తోసినోనికి నేను పూచీనా? రేపు కత్తితో పొడిస్తే దానికీ నేనే పూచీనా? పో, పో," అన్నాడు సుబ్బరాయప్ప.

గడువు మిగిలిన రెండు రోజులూ బత్తిసప్ప తాను నేల వేసిన ప్రతి ఇంటి గడపా తొక్కాడు. నీ గోడ వంకర అనిపించుకున్న ఇంటాయన పడక్కుర్చీలోంచి లేవకుండానే, "నా కండ్లు వంకర కదప్పా, కాగితం కనపడదు," అన్నాడు. ఇంకొకాయన భోజనంలో ఉన్నానని చెప్పించాడు, మూడుసార్లు పోయినా భోజనంలోనే ఉన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. కానీ అతను వేసిన చల్లటి నేల మీదనుంచే ఆ మాటలన్నారు. అది మాత్రం వాళ్ళకు సిగ్గనిపించలేదు.

ఆఖరి రోజు పోలీసాయన గుడిసె దగ్గరికి వచ్చాడు. బత్తిసప్ప ట్రంకు పెట్టెలో తాపీ, ఉలి, రసమట్టం సర్దుకున్నాడు. చౌడమ్మ ఏడవకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. అతనికి అప్పుడు భయమేసింది. ఎడారిలో తుపాకుల ముందు వేసిన భయం కంటే ఎక్కువ వేసింది. రాయి పెద్దదా నేను పెద్దా అన్న మాటకు ఇప్పుడు జవాబు తెలిసింది గానీ, చెప్పినా ప్రయోజనం లేదు.

ఠాణాకు పోయేదారి సుబ్బరాయప్ప ఇంటి ముందుగానే. అరుగు మీద అంబుజమ్మ నిలబడి ఉంది.

"ఏమప్పా పోలీసాయనా, వాన్ని యాడికి తీసకపోతాండావు?"

"పూచీ లేదమ్మా. బెంగళూరుకు పంపేస్తాండారు."

"నా వాకిట్లో ఇంత గుంత పెట్టినాడే, దాన్నెవురు పూడుస్తారు? మీ ఇన్స్పెక్టరా?"

పోలీసాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. చెప్పులు వేసుకుని, కందాయం రసీదు కొంగున కట్టుకుని, వాళ్ళ వెంట ఠాణాకు నడిచింది. ఇంటి జాగా ఆమె పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద రాసిచ్చింది, కందాయం ఆమె పేరు మీదే ఉంది. ఈ సంగతి కొడుకు కూడా మరచిపోయి ఉంటాడు.

ఇన్స్పెక్టరు ఆమెను కూర్చోబెట్టి, "యాకమ్మా నిమగె ఈ తొందరె?" అని కన్నడంలో అడిగాడు, మీకెందుకమ్మా ఈ తలనొప్పి అని.

"నాకు వీని మొగం చూసేకి గూడా ఇష్టం లేదు సామీ. పని సగంలో వదిలేసి పోతే మాత్రం ఒప్పుకోను. గుంత పూడ్చి, నాకు సరిపడే దాకా యాడికీ పోకూడదు. అంతవరకు నేను పూచీ," అంది. కాగితం మీద తెలుగులో అంబుజమ్మ అని రాసింది. బత్తిసప్ప వైపు చూడకుండానే ఇంటికి పోయింది.

మర్నాడే బత్తిసప్ప గుంత పూడ్చాడు. ముగ్గు లేదు, పువ్వు లేదు, ఒట్టి నల్లరాతి ముక్కలు. చౌడమ్మ రుద్దితే నల్లటి నీళ్ళలా నిగనిగలాడింది. ఆ నలుపు మీద వనజాక్షి పొద్దున వేసే ముగ్గు మునుపటికంటే ఎంతో బాగా తేలేది. అందుకే నలుపు ఎంచుకున్నాడేమో, ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. పాత నేలకూ కొత్త నేలకూ మధ్య అతుకు గోటికి కూడా తగలదు.

ఏడాది తిరిగి మళ్ళీ జూన్ వచ్చింది. బత్తిసప్ప కాగితం తెచ్చి, చౌడమ్మను వెంటబెట్టుకుని, అరుగు కింద నిలబడ్డాడు. అంబుజమ్మ వచ్చి నల్లచదరం మీద పాదంతో అటూ ఇటూ తడిమింది.

"సరిగా లేదు," అంది.

"ఏమి సరిగా లేదు?" బత్తిసప్ప గొంతు లేచింది.

"వంకరుండాది."

అతను ఇంటి వెనక బావికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి చదరం మధ్యలో పోశాడు. నీళ్ళు నాలుగు వైపులా సమంగా పరుచుకుని నిలబడ్డాయి. ఏ పక్కకూ ఒక్క చుక్క కూడా జరగలేదు. "చూడు! యాడుండాది వంకర?" అని అరిచాడు. పక్క అంగళ్ళవాళ్ళు బయటికి వచ్చారు.

అంబుజమ్మ ఆ నీళ్ళను బాగా వంగి చూసింది. "వంకరుండాది. పని బాగలేదని నువ్వు ఒప్పుకొంటే ఇంగో ఏడు పూచీ పెడతా. బాగుండాదంటే పని అయిపోయినట్టే కదా, పోయి ఓడెక్కు," అంది.

మొజాయిక్ అంటే ఏమిటో తెలియని ముసలిది, నలుగురి ముందూ, అతని జీవితంలో అతుకు కనపడకుండా వేసిన ఒకే ఒక్క అతుకును వంకర అంటోంది! బత్తిసప్ప చెంబు విసిరేయబోయాడు. చౌడమ్మ వెనకనుంచి అతని రెట్ట గట్టిగా గిచ్చింది. గిచ్చినచోట నొప్పి పుట్టేసరికి గుడిసె, గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె, ట్రంకు పెట్టె గుర్తొచ్చాయి.

"సరిగా లేదు," అన్నాడు. అన్నాక తల ఎత్తలేకపోయాడు.

"గట్టిగా చెప్పు. అంగళ్ళోల్లకు వినపడల్ల."

"సరిగా లేదు! వంకరుండాది! మళ్ళా చేస్తా!"

ఆమె సంతకం పెట్టింది.

అలా ఎనిమిదేళ్ళు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ప్రతి జూన్‌లోనూ ఒక చెంబు నీళ్ళు, ఒక కేక, ఒక ఒప్పుకోలు, ఒక సంతకం. హోటల్లో నరసింహప్పకు కొత్త కథ దొరికింది. ఏటేటా చేతులెత్తే సిపాయి అని పేరు మార్చాడు. మళ్ళా చేస్తానన్న మాటకు బత్తిసప్ప ఏటా వెళ్ళి ఆ చదరాన్ని సానరాయితో కాసేపు రుద్ది వచ్చేవాడు, రుద్దుతున్నంతసేపూ తన భాషలో అంబుజమ్మను తిట్టేవాడు. ఆమె లోపల కూర్చుని తన భాషలో అతన్ని తిట్టేది. ఒక్కనాడు కూడా ఇద్దరూ మంచిగా మాట్లాడుకోలేదు. సుబ్బరాయప్ప అయితే అసలు మాట్లాడలేదు. అతను అరుగు దగ్గరికి వస్తే లోపలికి పోయి తలుపేసుకునేవాడు. ఆమె తనను కాపాడుతోందని బత్తిసప్ప ఎప్పుడూ అనుకోలేదు. ముసలిది ఏడ్పించి సంతోషపడుతోంది అనుకునేవాడు. అందులో నిజం కూడా ఉండవచ్చు.

అరవై ఆరులో వైశాఖ మాసంలో అంబుజమ్మ పోయింది. కబురు తెలిసి చౌడమ్మ ఏడ్చింది. బత్తిసప్ప ఏడవలేదు, ఆ పూట అన్నం మాత్రం తినలేదు. అతనికి యాభై ఏళ్ళు దాటాయి. మోకాళ్ళు పోయాయి, రుద్దీ రుద్దీ చౌడమ్మ వేళ్ళు వంకరపోయాయి. తొండేభావి అనే ఊళ్ళో ఒక కొత్త ఇంటి పని ఒప్పుకున్నవాడు దాన్ని కూడా వదులుకున్నాడు. జూన్ వస్తోంది.

నెలాఖరున కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఒక్కడే బజారు వీధికి వెళ్ళాడు. సుబ్బరాయప్ప అరుగు మీదే ఉన్నాడు. జుట్టు నెరిసింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి అతన్ని చూసి లోపలికి పోలేదు. కానీ కూర్చోమనలేదు, ఎందుకొచ్చావని అడగలేదు.

వనజాక్షి పొద్దున తడిసుద్దతో వేసిన పదిహేను చుక్కల ముగ్గు ఆరి నల్లచదరానికి అంటుకుని ఉంది. బత్తిసప్ప దాని అంచున నిలబడ్డాడు. దారంతా కూర్చుకున్న మాటలు ఏవీ నోటికి రాలేదు. ఇసుకలో తోసినందుకు తప్పైందనాలి. అది రాలేదు. చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. కిందికి చూశాడు. ఎవరూ అడక్కుండానే, ఎవరూ గిచ్చకుండానే అన్నాడు.

"సరిగా లేదప్పా. వంకరుండాది. ఇంగొక ఏడు పనుండాది."

జీవితంలో అతను ఎవరినైనా అప్పా అనడం అదే మొదలు.

సుబ్బరాయప్ప లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత లోపలికి తిరిగి, "ఒక చెంబు నీళ్ళు తే," అన్నాడు. వనజాక్షి తెచ్చి ఇచ్చింది. ఆయన వంగి, ఆ నీళ్ళను చదరం మధ్యలో మెల్లగా పోశాడు. నీళ్ళు ముగ్గు మీదుగా నాలుగు వైపులా పరుచుకుని నిలబడ్డాయి. ముగ్గు కరగలేదు, చెదరలేదు, ఏ పక్కకూ ఒక్క గీత కూడా కదలలేదు. నీటి అడుగున పదిహేను చుక్కలూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

"అవును. వంకరే ఉండాది. మాయమ్మ చెప్పింది నిజమే," అన్నాడు సుబ్బరాయప్ప.

తర్వాత చెంబు కింద పెట్టి, మొహం అటు తిప్పుకునే, కాగితం కోసం చెయ్యి చాపాడు.